పదమూడు వేల అడుగుల ఎత్తున నా పొట్ట

1997 జూన్‌లో లడఖ్‌లోని మా పోస్టుకి చేరాను. ఎత్తు పదమూడు వేల అడుగులు. రెండు బంకర్లు, రాళ్ళు, గాలి. పచ్చటి ఆకు ఒక్కటి లేదు. రాజోలు వాణ్ణి కదా, వారం తిరక్కుండానే దిగులు పట్టుకుంది.

అక్కడ ఎవరికీ అన్నం సయించదు. రెండు నెలల్లో అందరూ చిక్కిపోయారు. నా చేతులూ సన్నబడ్డాయి, ముఖమూ పీక్కుపోయింది. పొట్ట మాత్రం ముందుకొచ్చింది. సెప్టెంబరుకి ప్యాంటు గుండీ పట్టక తాడు కట్టుకున్నాను.

మా సుబేదారుగారు పంజాబీ. నేను రేషన్ దాచుకు తింటున్నానని ఆయనకు గట్టి అనుమానం. ఒకనాడు పొద్దున్న ఆరింటికి నా పెట్టె తెరిపించారు. నా ఖర్మ కాలి, మా ఆవిడ పంపిన పూతరేకుల డబ్బా బయటపడింది. మిగిలినవి రెండే. ఇంకేం కావాలి? రాత్రి రొట్టెలు నాలుగు నుంచి రెండుకి తగ్గించారు. మర్నాటి నుంచి ఇరవై లీటర్ల కిరసనాయిలు క్యాను కింది మలుపు నుంచి పైకి మోయడం నా డ్యూటీ. అదీ మోశాను. పోస్టంతా నన్ను దొంగను చూసినట్టు చూడటమే తట్టుకోలేకపోయాను.

పదకొండో రోజు గజ్జలో నిమ్మకాయంత బుడిపె లేచింది. మా వైర్‌లెస్ ఆపరేటర్‌ది కొత్తపేట. చూసి తేల్చేశాడు.

"హెర్నియా అండి. మా మావయ్యగారికీ ఇలాగే వచ్చింది. కోసి కుట్టేసేరండి, అంతే."

కింద ఆసుపత్రిలో హెర్నియా కోసమని చిన్న కోత పెడితే, లేత ముంజెలాంటి జిగురు బయటికొచ్చింది. డాక్టరు కంగారుపడి పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ కడుపు నిలువునా కోసి నాలుగు లీటర్లు తీశారు. అపెండిక్స్‌లో అరుదుగా వచ్చే కణితట. పగిలి, నెలల తరబడి కడుపంతా నింపిందట. క్యాను మోసి ఆ బుడిపె లేవకపోతే ఎవరూ కనిపెట్టేవారు కాదని, ఇంకో ఏడాది ఆగితే నేను దక్కేవాణ్ణి కాదని చెప్పారు.

పోస్టుకి వైర్‌లెస్‌లో కబురు వెళ్ళింది: "కడుపులో ఉన్నది రేషన్ కాదు, కణితి. ఓవర్."  సుబేదారుగారు ఏ వార్డు అని మాత్రం అడిగారట.

మరుసటి వేసవిలో మెడికల్ బోర్డు నన్ను ఇంటికి పంపేసింది. రొమ్ము కింద నుంచి పొత్తికడుపు దాకా కుట్ల మచ్చ. టీకొట్టు దగ్గర ఎవరడిగినా అపెండిక్స్ అనే చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు.

"ఆయ్, మిలిటరీ రహస్యం. మీరు చెప్పకూడదు లెండి" అని టీ ఇప్పించేవారు.

నాకు మంచూ తుపాకులూ అంతగా గుర్తురావు. గుర్తొచ్చేది ఆ పెద్దాసుపత్రి వార్డే. రెండు రోజులు లారీల మీద దిగొచ్చిన సుబేదారుగారు నా మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంటారు. చేతిలో జావ గిన్నె. చెంచా నా నోటి దగ్గర పెట్టి, కళ్ళనీళ్ళతో బతిమాలుతుంటారు.

"తిను బేటా. ఇంకొంచెం తిను."