బోసి వీపు పుంజు

మొన్న తేని నుంచి మదురై పోయే బస్సులో నా పక్కన కూర్చున్నాయన ఒళ్ళో ఒక గోనెసంచి, అందులోంచి తల బయటపెట్టి చూస్తున్న ఎర్ర పుంజు, సంచి వెనక కన్నంలోంచి ఆయన మోకాలు దాటి వేలాడుతూ, వార్తాపత్రిక చుట్టి నూలుతో కట్టిన దాని తోక కనబడ్డాయి. ఈకలు విరగకుండా తోకకు కాగితం చుట్టడం మా వైపు పాత అలవాటే, నా యీడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. మూరన్నరకు తక్కువుండదనిపించి, కొలుద్దామని చెయ్యి లాగింది. కానీ కొలిచి నేను బాగుచేసింది ఏముందని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

మా అత్త, అంటే మా నాన్నకు అక్క, మదురైలో నూలు మిల్లు కూలీలకు కట్టించిన లైనిళ్ళలో ఉండేది. మామ పోయాక ఆమెకు మిగిలినవి ఆయన పెంచిన జాతి కోళ్ళు నాలుగే: ముసలి పుంజు ఒకటి, పెట్టలు మూడు. పుంజు ఒళ్ళంతా పండుమిరప ఎరుపు, తోక మాత్రం నలుపు, ఎండ పడితే ఆ నలుపులో ఆకుపచ్చ కదిలేది, నడిస్తే చివరి రెండీకలు నేలమీద గీత గీసేవి. ఏటా ఆడి నెలలో, అంటే ఆషాఢం రోజుల్లో, ఆ జాతి పుంజును బోడి అనే ఊరి దగ్గర మా కులదేవత గుడికి తీసుకుపోయేవారు. కోసేవారు కాదు. అమ్మవారి ముందు ఒకసారి నడిపించి, అది రాల్చిన ఈకల్లో ఒకటి అక్కడ పెట్టి, ఇంకొకటి తెచ్చి ఇంటి వాసానికి గుచ్చేవారు. అత్త ఇంట్లో అలాంటి ఈకలు ఇరవై ఆరు ఉండేవి. ఆ వరుస తన చేతిలో ఆగిపోకూడదన్నది తప్ప ఆమె నన్ను ఇంకేదీ కోరలేదు.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. ఎనిమిదో తరగతితో చదువు ఆగినా లెక్కలు సొంతంగా నేర్చుకుని, అదే మిల్లులో నూలు పరీక్ష చేసే విభాగంలో చేరాను. కండెల నుంచి నూలు తీసి, పొడవు కొలిచి, తూచి, సన్నదనానికి కౌంటు కట్టి, సరిపడనిదాన్ని పక్కన పడేయడం నా పని. అత్త కళ్ళు మసకబారుతున్నాయని, జాతికి నిలపాల్సిన కోడిపిల్లలను ఏరే పని నాకు అప్పజెప్పింది. నేను మిల్లు పద్ధతినే ఇంటికి తెచ్చాను. పిల్ల పిల్లకూ కాలికి వేరువేరు రంగు దారం కట్టి, అరవయ్యో రోజున స్టీలు స్కేలుతో రెక్క, తోక కొలిచి నోటుపుస్తకంలో రాసి, కొలతకు అందనివాటిని కూరకు పంపించేవాణ్ణి. పక్కింటాయన గోడమీంచి చూస్తూ, "ఏమప్పా కణక్కుపిళ్ళా, నీ కోడి నలభై కౌంటా, అరవై కౌంటా?" అని అరిచేవాడు. లెక్కల గుమస్తా అన్న ఆ పేరు నాకు లోలోపల బాగానే ఉండేది.

మొదటి ఏడే ఒక పుంజుపిల్ల రెండు నెలలకు కూడా వీపు మీద ఈక మొలవక, ఎర్రటి తోలుతో, చూడ్డానికి అసహ్యంగా మిగిలింది. తోక గడిలో సున్నా వేశాను. అత్త దాన్ని కొంగులో చుట్టుకుని వచ్చింది.

"దీన్ని పెట్టుకుందాం నాయినా. కొంచెం పొరుమగా ఉండు, తొందరేముండాది? మీ మామ ఇట్లా బోసిదాన్నే ఏరి పెట్టుకుంటా ఉండె. ఆ ముసలిది గూడా మూణ్ణెల్లు ఇట్లే ఉండె. సలికి ఒణుకుతా ఉంటే నేనే సొక్కాయి కుట్టి ఏస్తిని."

"సొక్కాయి ఎన్ని ఇంచులత్తా? రాసుకుంటా" అన్నాను. పక్కింటాయన పగలబడి నవ్వాడు.

ఆమె నవ్వలేదు. "సరే, లెక్క తెలిసినోడివి. నువ్వే సూడు" అని పిల్లను నా చేతికిచ్చింది. ఆ ఆదివారం దాని తొడ ముక్క నా కంచంలో వేసి, తనకు నోరు బాలేదని చెప్పి ఒట్టి రసంతో తిని లేచింది.

మూడేళ్ళు అలాగే ఏరాను. పిల్లలు ఏటికేడు తొందరగా ఈక తొడిగి, అరవై రోజులకే కళకళలాడేవి, నా అంకెలు పెరిగేవి. పెద్దయ్యాక మళ్ళీ కొలిచి రాస్తే మాత్రం ఒక్కదాని తోకా మూర పొడవు రాలేదు. దాంతోపాటే ఎరుపు కూడా మాసి ఇటుకరాయి రంగుకు దిగింది. ఈలోగా కొక్కెర తెగులొచ్చి ముసలి పుంజునూ పాత పెట్టలనూ తీసుకుపోయింది. ఆ ఏడు ఆడి నెలకు అత్త నా పుంజుల్లో ఉన్నంతలో మంచిదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, గంప కింద వదిలేసి, వాసం నుంచి ఇరవై ఆరో ఈకను తీసి తుడిచి, దాన్నే గుడికి పట్టుకుపోయి మళ్ళీ తెచ్చి గుచ్చింది.

తరువాత పుస్తకం ముందేసుకుని కూర్చుంటే అంతా అందులోనే ఉంది: రెక్క ఎంత ముందుగా వచ్చిందో తోక అంత ముందుగా ఆగిపోయింది. పొడుగు తోక ఉన్నది ఆలస్యంగా ఈక తొడిగే పిల్లల్లోనే, నేను ప్రతి ఏడూ ఏరి కూరకు పంపినవాటిలోనే. వడికిన నూలు ఇంక మారదు, అరవై రోజుల పిల్లకు ఇంకా రెండేళ్ళు పెరుగుదల ఉంది. అత్త ఆ సంగతి చెప్పింది కూడా. చెప్పినదాంట్లో అంకె లేదని నేను రాసుకోలేదు.

ఇప్పుడు మిల్లు లేదు, లైనిళ్ళు లేవు. మా వీధి చివర కొట్లో నలభై రోజుల తెల్లకోళ్ళు ఒకే ఎత్తు, ఒకే బరువు, ఏ కోడి ఏదో ఎవరికీ తెలియనక్కరలేదు. ఒక ఈక కోసం రెండేళ్ళు ఆగే మనిషి ఆ బస్సులో ఉన్నాడంటే ఆ జాతి ఎక్కడో ఇంకా మిగిలి ఉందన్నమాట, మా ఇంట్లో మాత్రం మిగలకుండా చేసినవాణ్ణి నేనే.

అత్త పోయాక ఆమె ట్రంకుపెట్టె అడుగున ఎర్ర గుడ్డతో కుట్టిన చిన్న చొక్కా దొరికింది, రెక్కలకు రెండు కన్నాలతో. అదే స్టీలు స్కేలుతో కొలిచాను. పొడవు అయిదు ఇంచులు, వెడల్పు మూడున్నర. నోటుపుస్తకంలో చివరి లెక్క అదే.