ఒక మీటరు, ముప్ఫై నాలుగు ఇళ్ళు

మా పిన్ని మొండిది. ఈ మాట మా అమ్మ ముద్దుగా అంటుంది, నేను కోపంతో అంటాను. కరెంటు ఆఫీసు తరఫున ఇంటింటికీ తిరిగి మీటర్లు చదవడం ఆమె పని. ఇరవై ఆరేళ్ళుగా అదే పని, అదే పేట. అందరికీ ఆమె మీటరక్క. ఏ కుక్క కరుస్తుందో, ఏది మొరిగి ఊరుకుంటుందో, ఎవరింట్లో మీటరు బీరువా వెనక నక్కి ఉంటుందో ఆమెకు కొట్టిన పిండి.

అమ్మా నేనూ ఉండేది పాత నూలుమిల్లు క్వార్టర్స్‌లో. మిల్లు మూతపడింది గానీ, అది అమ్మ ఊపిరితిత్తుల్లోకి పంపిన నూలుధూళి మాత్రం అక్కడే ఉండిపోయింది. మంచం పక్కన ఆక్సిజన్ మిషను రోజంతా గురగురమంటూ ఉంటుంది. కరెంటు పోతే సిలిండరు తగిలిస్తాం. అది రెండు గంటలు వస్తుంది. మా వీధి కేబులు ముసలిది, ఒకసారి పోయిందంటే మూడు గంటలకు గానీ రాదు. ఆ మూడో గంటలో అమ్మ పెదాలు నల్లబడుతుంటే చూస్తూ కూర్చోవడం కంటే నరకం లేదు.

అలాంటి సమయంలో కొత్త కేబులు వేస్తామంది కరెంటు ఆఫీసు. అయితే ఈ ఏడాది ఒక్క వీధికే. ఏ వీధికి వేస్తే ఎంత మేలో ఎవరైనా చూసుకునేలా ఇంటర్నెట్‌లో ఒక పేజీ పెట్టింది. పటం మీద వీధిని నొక్కితే ఎన్ని ఇళ్ళకు లాభం, ఎన్ని గంటల కోత తగ్గుతుంది, తవ్వకాలతో ఎన్నాళ్ళు ఇబ్బంది, అన్నీ చెబుతుంది. తప్పులుంటే పద్దెనిమిది రోజుల్లో ఆధారాలతో పంపాలి.

మా వీధిని నొక్కాను. లాభపడే ఇళ్ళు: ఒకటి.

మళ్ళీ నొక్కాను. ఒకటే. ముప్ఫై నాలుగు కుటుంబాలున్న వీధి జాబితాలో అట్టడుగున పడి ఉంది. పిన్నికి ఫోన్ చేసి, ఆఫీసును తిట్టబోయి ఆమెను తిట్టాను. సాయంత్రం ఆమె డ్యూటీ నుంచి నేరుగా వచ్చి, చెప్పులైనా విప్పకుండా నా ఫోన్ అందుకుంది. మా వీధిని తనే మళ్ళీ నొక్కి చూసింది.

"ఇది నా నిర్వాకమేనే," అంది చివరికి.

రీడింగు తీసే చేతిమిషనులో "ఈ మీటరు మీద ఎన్ని ఇళ్ళు?" అని ఒక గడి ఉంటుందట. అందులో ముందే ఒకటి అంకె వేసి ఉంటుంది. మార్చాలంటే లోపలికెళ్ళి అడిగి, కనుక్కుని రాయాలి. రోజుకు రెండొందల మీటర్లు చదివేవాళ్ళకు అంత తీరికెక్కడిది? "తర్వాత" అన్న మీట నొక్కి ముందుకు పోవడమే అందరి అలవాటు. బిల్లుకు ఆ గడితో పని లేదు కాబట్టి, ఆ మిషను వచ్చిన పదకొండేళ్ళలో ఎవరూ అడగలేదు. మా వీధంతా క్వార్టర్సే, మొత్తానికి గేటు దగ్గర ఒకే పెద్ద మీటరు. సొంత అక్క ఉన్న గేటు దగ్గర కూడా పిన్ని నెలనెలా ఆ మీటే నొక్కుకుంటూ పోయింది. కొత్త పేజీకి లెక్క వెళ్ళింది ఆ గడిలోంచే.

"పోనీలే పిన్నీ, ఇప్పుడు మన గేటు మార్చెయ్. ఒక్క నిమిషం పని. మనమే మొదటికొస్తాం."

"నేను తప్పు నొక్కింది మీ గేటు దగ్గర ఒక్కచోటేనా?"

"మిగతావాళ్ళ సంగతి వాళ్ళు చూసుకుంటారు."

"వాళ్ళకేం తెలుసే? నొక్కింది నేను."

ఇక ఉడుం పట్టే. డ్యూటీ అయ్యాక మోకాళ్ళకు పట్టీలు బిగించుకుని మళ్ళీ బయల్దేరేది. తలుపు తట్టడం, వేరు కాపురాలెన్నో కనుక్కోవడం, సంతకం పెట్టించుకోవడం. కొందరు పన్నేమోనని భయపడి తలుపేసుకున్నారు. ఒక ముసలాయన అయితే కుండ బద్దలు కొట్టాడు: "ఇన్నేళ్ళూ మీటరు మొహం చూసి పోయావు, ఇవాళ మా మొహాలు గుర్తొచ్చాయా?"

"ఆలస్యమైంది బాబాయ్. తిట్టాల్సింది తిట్టి సంతకం పెట్టండి," అంది పిన్ని.

ఆఫీసులో సూపర్‌వైజరు తల పట్టుకున్నాడు. "పదకొండేళ్ళు తప్పు రాశానని నీ చేత్తో నువ్వే రాసిస్తావా మీటరక్కా? రిటైరయ్యే ముందు కొరివితో తల గోక్కోవడం దేనికి?"

"ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పండి సార్."

పద్దెనిమిదో రోజు మధ్యాహ్నం ఆ కాగితాలన్నీ నేనే ఎక్కించాను. పంపే ముందు పేజీ కొత్త లెక్క చూపించింది. మా వీధి రెండోది. మొదటిది బజారు వెనక గిడ్డంగుల సందు. గిడ్డంగుల్ని గదులుగా కోసి అద్దెకిచ్చిన చోటు అది. పాత లెక్కలో మూడు ఇళ్ళు, ఇప్పుడు అరవై ఒకటి.

"ఆ సందు కాగితాలు తీసేద్దాం," అన్నాను. సిగ్గుపడలేదు. ఇప్పటికీ పడను. "ఎవరికీ తెలీదు పిన్నీ. అక్కడున్నది నీ సొంత అక్క!"

పిన్ని కళ్ళు నిండాయి. "చిన్నప్పుడు దాని పక్కన పడుకునే పెరిగాను. నువ్వా నాకు చెప్పేది? పంపు."

నేను చేతులు కట్టుకున్నాను. ఆమే వంగి, వేలు పెట్టి నొక్కింది. ఆ క్షణాన ఆమెను అసహ్యించుకున్నాను.

మూడు వారాలు మాట్లాడలేదు. ఫలితం వచ్చిన రోజు పిన్నే వచ్చి అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది.

"ఈ ఏడాది మనకు కాదక్కా. గిడ్డంగుల సందుకు."

"నువ్వు వెళ్ళి లెక్కపెట్టబట్టేనా?"

"ఆఁ."

అమ్మ కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "అక్కడ నాలాంటివాళ్ళున్నారా?"

"ముగ్గురు. ఒకమ్మాయి మన దీనికంటే చిన్నది," అంటూ నన్ను చూపించింది.

నాకా సంగతి తెలియదు. కాగితాలు ఎక్కించింది నేనే, ఇళ్ళ అంకెలు తప్ప ఇంకేమీ చదవలేదు.

"మరి మనకెప్పుడట?"

"వచ్చే ఏడాది. రాసిచ్చారు."

అమ్మ ముక్కు దగ్గర గొట్టం సర్దుకుని, పిన్ని చెయ్యి పట్టుకుంది.

"ఏడాదేగా," అంది. "ఉంటాలే."