పుస్తె కట్టేటప్పుడు తప్పిన ఫోకస్

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. సిద్దిపేటలో నాకన్నా గొప్ప కెమెరామన్ (ఆడపిల్లను ఏమని పిలవాలో అప్పటికి మా బజార్లో ఎవరికీ తెలియదు) పుట్టలేదన్నది ఒకటి, మా మేనమామకు సినిమా అంటే ఏమిటో తెలియదన్నది రెండోది. డిగ్రీ కాగానే ఆయన పెళ్లి వీడియోల స్టూడియోలో చేరాను. ఆయనది ఒకటే సూత్రం: "బిడ్డా, వచ్చినోళ్లందరి మొఖాలు పడాలె. ఒక్క మొఖం తప్పినా మల్ల గా ఇంటి పెండ్లి మనకు రాదు." నేనేమో ఫోన్లో పాఠాలు చూసి ఫోకస్ మార్చడం నేర్చుకున్నాను. ముందున్న మనిషిని మసక చేసి వెనకున్న మనిషిని మెల్లగా తేటపరిస్తే, చూసేవాళ్ల కన్ను దానంతటదే అటు పోతుంది. జనాన్ని చెయ్యి పట్టకుండా నడిపించే విద్య దొరికేసరికి నా కళ్లు నెత్తికెక్కాయి.

అప్పుడే కోమటిచెరువు దగ్గరి ఫంక్షన్ హాల్లో ఒక కిరాణా సావుకారి పెద్దబిడ్డ పెళ్లి వచ్చింది. ఆయనకు ఇంకా ఇద్దరు ఆడపిల్లలు; ఆ పెళ్లిళ్లూ మనకే రావాలని మామ ఆశ. పుస్తె కట్టే వేళకు చుట్టాలందరూ ఫోన్లెత్తి మామ కెమెరా ముందు గోడ కట్టారు. మంటపం పక్కనున్న నాకు మాత్రం అడ్డం లేదు. (అదృష్టం అనుకున్నాను.) కన్యాదానం కాగానే ఏదో పనిమీద కిందికి దిగిన పెళ్లికూతురి తల్లి, దూరంగా భోజనాల తలుపు దగ్గర కనబడుతోంది. నా పథకం సిద్ధం: ముందు పుస్తె, తర్వాత తల్లి కన్నీళ్లు, మళ్లీ పుస్తె.

లెన్సు మీది ఫోకస్ రింగు తిప్పాను. తల్లి తేటగా వచ్చింది. కన్నీళ్లు లేవు. బగారన్నం మూత ఇప్పుడే తీయొద్దని వంటాయనను కళ్లతోనే కొడుతోంది. కంగారుగా రింగు వెనక్కి తిప్పబోతే చెమట వేళ్లు జారి ఫోకస్ తల్లి మీదే ఉండిపోయింది. ఎటు తిప్పాలో తెలియక నేను తిప్పలు పడుతుండగానే మూడు ముళ్లూ పడిపోయాయి.

నాలుగు రోజులకు సావుకారి, భార్య, కొత్త పెళ్లికూతురు స్టూడియోకు వచ్చి వీడియో చూశారు. పుస్తె దగ్గరికి రాగానే సావుకారి లేచి నిలబడ్డాడు.

"పుస్తె ఏది? పెండ్లి నా బిడ్డదా, వంటాయనదా?"

"తప్పయింది సావుకారీ," అన్నాడు మామ. నాతో మాత్రం మెల్లగా, "రేపటి సంది కెమెరా ముట్టకు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ కెమెరా తప్ప నాకు ఇంకో పని రాదు, వద్దు కూడా.

"జర ఆగు బాపూ. అక్కా, మల్ల ఎయ్యి," అంది పెళ్లికూతురు.

మళ్లీ వేశాను. ఈసారి అందరం చివరిదాకా చూశాం. వంటాయనను బెదిరించడం అయ్యాక ఆ తల్లి జనంలోంచి రాలేక, మునివేళ్ల మీద లేచి, ఉన్నచోటినుంచే అక్షింతలు విసిరింది. సగం వంటాయన బట్టతల మీద పడ్డాయి. ఆమె కొంగుతో కళ్లొత్తుకుని లోపలికి పోయింది.

"ముడి పడేటప్పుడు నీకోసం మస్తు దేవులాడిన అమ్మా. నా పెండ్లి సుత చూడకపోతివని గిప్పటిదాంక కోపమున్నది."

"వంట చూస్కుంట నీ దిక్కే చూసిన బిడ్డా," అంది తల్లి. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. సావుకారి కూర్చుని, "గిది గిట్లనే ఉంచున్రి" అన్నాడు. మామ కెమెరా సంచి నా ఒళ్లో పెట్టాడు.

ఇప్పుడు సినిమాల్లో ఫోకస్ తిప్పడమే నా ఉద్యోగం. రింగు మీద గీత గీసిన చోటే ఆపుతాను, వేలు జారదు. అయినా అట్లాంటి షాటు మళ్లీ పడలేదు. ఆ రోజు స్టూడియో నుంచి పోతూ పోతూ పెళ్లికూతురు నా చెయ్యి పట్టుకుని, "మా అమ్మ కోసమే గట్ల తీసినవా అక్కా?" అని అడిగింది. చెమట వేళ్లు చున్నీకి తుడుచుకుంటూ, ఎంతో ఆలోచించి తీసినదానిలా నేను బుద్ధిగా తలూపాను.