రెండు కార్డులూ, కొండమీది దీపమూ

మా నాన్న గూడ్సు బండి డ్రైవరు. నాకు ఇరవయ్యో ఏడు నడుస్తుండగా కళ్ల పరీక్షలో తప్పారని ఆయన్ని ఇంజను దింపేశారు. బిలాస్‌పూర్ స్టేషను పక్కన, డ్రైవర్లు డ్యూటీకి సంతకాలు పెట్టే గదిలో ఒక కుర్చీ ఇచ్చారు. "నా కళ్లకేటి కాలేదు, ఆ డాక్టరు మిషనే మసకది" అని ఇంటికొచ్చినవాళ్లందరికీ చెప్పేవారు. మళ్లీ పరీక్ష చెయ్యమని దరఖాస్తు రాసుకుని చొక్కా జేబులో పెట్టుకు తిరిగేవారు. నేను నమ్మాను. ఆయన మాట నమ్మకపోవడం మా క్వార్టరులో ఎవరికీ అలవాటు లేదు.

ఆ రోజుల్లో నా లోకం వేరు. కాలేజీ నుంచి రాగానే కంప్యూటరు ముందు కూలబడేదాన్ని. గుర్రమెక్కి అడవుల్లో తిరిగే ఆట ఒకటి ఉండేది. అందులో కత్తియుద్ధాలు నాకు చేతకావు, ఊరికే తిరిగేదాన్ని. గడ్డి ఊగేది. ఎక్కడో నీళ్లు పారేవి. గుర్రం అడుగులూ, కిటికీ అవతల యార్డులో వ్యాగన్లు ఒకదానికొకటి తగులుకునే చప్పుడూ కలిసిపోయి, నేను ఎటువైపు ఉన్నానో నాకే తెలిసేది కాదు. "గుర్రం దిగి అన్నం తినవే" అని అమ్మ వంటింట్లోంచి కేకేసేది.

కుర్చీ ఉద్యోగం మొదలయ్యాక నాన్న సాయంత్రాలు నా గది గుమ్మంలో నిలబడేవారు. చేతులు కట్టుకుని తెర వైపే చూసేవారు. అలా ఒకరోజు అడిగారు.

"ఆ కొండ మీద ఏటున్నాదే?"

"ఏమో నాన్నా, అంతా పొగమంచు."

"దూరం ఇంకాస్త తేటగా రాదేటి?"

రాదు. తెర మీద బొమ్మలు గీసే నా గ్రాఫిక్స్ కార్డు బక్కది. దూరంగా ఉన్నవన్నీ గీసే ఓపిక లేక మంచు కప్పేస్తుంది. ఆ సంగతి చెబితే నాన్న ముఖం వెలిగింది.

"అచ్ఛా, అయితే మిషన్‌దే తప్పన్నమాట."

ఇంజను దిగాక ఆయన ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు. ఇంక నాకు నిద్రెలా పడుతుంది? ఊళ్లోనే తెలిపారా పేటలో ఉండే నా స్నేహితురాలు కొత్త కార్డు కొనుక్కుని పాతది మూలపడేసింది. బతిమాలి తెచ్చుకున్నాను. నాదీ దానిదీ ఒకే కంపెనీ, ఒకే వరస, కానీ జోడు కాదు. దానిది ఒక మెట్టు పైది, వేగం ఎక్కువ. రెంటినీ పక్కపక్కన గుచ్చి చిన్న పట్టీతో కలిపితే, ఒక బొమ్మ ఇది గీస్తే తరువాతి బొమ్మ అది గీస్తుందట.

ఆదివారం పొద్దున్న దుప్పటి పరిచి కంప్యూటరు విప్పాను. నాన్న పక్కనే కూర్చున్నారు.

"రెండూ ఒక్క రకం కావు గదా. ఒకదాని మాట ఒకటి వింటాదేటి?"

"వినేట్టు చేస్తాను, చూడు."

"ఇంజన్లో మాకో పద్ధతి ఉన్నాది. సిగ్నలు కనబడగానే అసిస్టెంటు చెయ్యెత్తి రంగు చెప్తాడు. నేను నా కళ్లతో చూసి, చెయ్యెత్తి అదే రంగు తిరిగి చెప్తాను. ఇద్దరి మాటా కలిస్తేనే బండి ముందుకెళ్తాది."

నా కార్డుల మాట మాత్రం మధ్యాహ్నం దాకా కలవలేదు. మొదట తెర నల్లగా ఉండిపోయింది. తరువాత బొమ్మ వచ్చింది గాని, గుర్రం మెట్లు దిగుతున్నట్టు కుదుపులు. విసుగెత్తి స్క్రూడ్రైవరు గోడకేసి కొట్టాను. నాన్న లేచి తెచ్చి మళ్లీ నా చేతిలో పెట్టారు. చివరికి పెద్ద కార్డు వేగాన్ని చిన్నదాని స్థాయికి తగ్గిస్తే కుదుపులు చాలావరకు పోయాయి. అప్పుడు ఆటలో ఎంత దూరం కనబడాలో ఆ హద్దుని పూర్తిగా పెంచాను.

మంచు విడిపోయింది. నెలల తరబడి నేను తిరిగిన దారి పైన ఉన్న ఆ కొండ అంత పెద్దదని నాకు తెలియనే తెలియదు. కొండ మీద ఒక్కో చెట్టూ విడివిడిగా నిలబడి ఉంది. శిఖరాన రాతి బురుజు. దాని కిటికీలో చిన్న పచ్చదీపం. నేను గుర్రాన్ని ఆపి అలాగే చూస్తూ ఉండిపోయాను. నాకు గర్వంగా ఉంది, చాలా సంతోషంగా ఉంది.

"నాన్నా, కొండ మీద చూడు."

ఆయన అప్పటికే తన చోట్లో, గుమ్మంలో నిలబడ్డారు. కళ్లు చికిలించి చాలాసేపు చూశారు.

"మంచు పోలేదు గదే" అన్నారు. "ఈ కార్డులు కూడా సరిపోలేదేమో."

తెర మీద మంచు ఎక్కడా లేదు. ఆ క్షణంలో ఆ రెండు కార్డుల మీదా అసహ్యం పుట్టింది. ఎందుకు కలిపానా అనిపించింది. నాన్న దగ్గరకొచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నారు. దగ్గరగా ఉన్న నా ముఖం ఆయనకి బాగానే కనబడింది.

"మంచు పోయిందా?"

"పోయింది నాన్నా."

ఆయన జేబులోని దరఖాస్తుని ఒకసారి తడుముకున్నారు. మర్నాడు దాన్ని ఆఫీసులో ఇవ్వాలి. యార్డులో ఏదో బండి బయలుదేరుతోంది.

"ఏటి కనబడతన్నాదో నువ్వు చెప్పమ్మా" అన్నారు.

"కొండ మీద బురుజు. కిటికీలో దీపం." చెయ్యెత్తాను. "పచ్చ."

నాన్న మెల్లగా చెయ్యి పైకెత్తారు.

"పచ్చ" అన్నారు.

తన కళ్లతో చూడని రంగుని ఆయన తిరిగి చెప్పడం, ఆ సర్వీసు మొత్తంలో అదే మొదటిసారి అయి ఉంటుంది. నేను గుర్రాన్ని ముందుకు నడిపాను.