మునిగిన మామిడికాయ

వేసవి సెలవులయ్యాక బడులు తెరిచిన కొత్తలో, తిరుపతిలో నాలాగే టీచరుగా ఉన్న స్నేహితురాలు వనజ ఫోన్ చేసింది.

"మా మూడో తరగతికి వచ్చి ఒక సైన్సు పాఠం చెప్పిపోమే. మా టీచర్లు కూడా సూస్తారు. కానీ జవాబు నువ్వు చెప్పకూడదు, పిల్లోళ్లే కనుక్కోవాల."

ప్రశ్న అడిగి, పిల్లలు నోరు తెరిచేలోపు జవాబూ నేనే చెప్పేసే రకమని ఆమెకు బాగా తెలుసు. అందుకే ముందురోజు మా ఇంటి బకెట్లో ఒక పచ్చి మామిడికాయ, ఒక పండు వేసి చూసుకున్నాను. కాయ తేలింది, పండు మునిగింది. ధైర్యం వచ్చి రెండింటినీ సంచిలో పెట్టుకున్నాను.

ఉదయం ఆరున్నరకు చిత్తూరు బస్టాండులో తిరుపతి బస్సెక్కాను. ఆడవాళ్లకు సున్నా టికెట్టు కాబట్టి సీటు కోసం మోచేతులకు కాస్త పని చెప్పాలి. వెళ్లేవాళ్లు గమనించగలరు. పూతలపట్టు దాటాక పక్కసీటు పెద్దమ్మ నా సంచిలోకి తొంగిచూసింది.

"అమ్మా, ఆ పచ్చికాయ మా కోడలికిస్తావా? కడుపుతో ఉండాది. ఎక్కినకాడ్నుంచీ దాన్నే సూస్తా ఉండాది."

కిటికీ పక్కనున్న కోడలు సిగ్గుతో మొహం తిప్పుకుంది, చెయ్యి మాత్రం చాచే ఉంచింది. ఇచ్చేశాను. చంద్రగిరి వచ్చేసరికి టెంక మిగిలింది.

తిరుపతిలో దిగి, ఇడ్లీ తిని, బస్టాండు బయట ఇంకో పచ్చికాయ కొనుక్కుని ఆటోలో బడికి చేరాను.

తొట్టి నిండా నీళ్లు పోయించి, "ఏది తేలుతుంది, ఏది మునుగుతుంది?" అన్నాను. పిల్లలు రెండు జట్లుగా చీలి అరిచారు. పండు వేశాను, మునిగింది. కాయ వేశాను. అదీ బుడుంగున మునిగింది.

వెనక కూర్చున్న టీచర్లు కిసుక్కున నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. ఏదో ఒక కారణం అల్లి చెప్పేద్దామనుకున్నాను. వనజ నావైపే చూస్తోంది.

"ఇది ఎందుకు మునిగిందో నాకు తెలీదు," అన్నాను.

ముందు వరసలోంచి హేమశ్రీ అనే పిల్ల లేచింది. "టీచరుకే తెలీదంట!" అని సంబరంగా చాటి, "కోసి సూస్తామా మిస్?" అంది.

కోశాం. పైకి పచ్చగా ఉన్నా లోపల పసుపు తిరిగింది.

"ఇది పండయిపోతా ఉండాది. మనల్ని మోసం చేసినాది," అన్నాడొకడు.

"కాదు, దీని టెంక బరువు," అంది హేమశ్రీ. లేత పిందెలు తెచ్చి వేసి చూస్తేగానీ ఒప్పుకోమని మూడో జట్టు. నా నాలుక ఒకటే దురద. భోజనం గంట కొట్టినా తొట్టి దగ్గర్నుంచి ఎవరూ లేవలేదు. రేపు ఎవరింటి నుంచి ఏ కాయ తేవాలో పంచుకుంటున్నారు.

"పాఠం కంటే నువ్వు నోరు మూసుకోనుండేదే సూడముచ్చటగా ఉన్నింది," అంది వనజ.

తిరుగు బస్సులో ఫోను రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను. వెతికితే నిమిషంలో తెలుస్తుంది. పిల్లల కంటే ముందు తెలుసుకోవడం అన్యాయమనిపించి మళ్లీ సంచిలో పెట్టేశాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో, నాకే తెలియని పాఠం చెప్పి ఇంత హుషారుగా ఇంటికి బయలుదేరడం ఇదే మొదలు.

చిత్తూరులో దిగగానే మామిడిపండ్ల బండి దగ్గర నిలబడి లేతవి, దోరవి, పండినవి వేరువేరుగా ఏరసాగాను.

"ఊరగాయకా, తినేదానికామ్మా?" అంది బండామె.

"నీళ్లల్లో వేసేదానికి. ఏది మునగతాదో సూడాల."

ఆమె నన్ను ఎగాదిగా చూసి కాయలు కవర్లో వేసింది. "మునిగినా తేలినా దుడ్లు మాత్రం వాపసియ్యను."