మొదటి బస్తాకే పడిపోయే పెట్టె

కంప్యూటరు ఆగిపోతే ముందు కరెంటును, తర్వాత దిష్టిని, ఆ తర్వాత దాన్ని నడిపేవాణ్ణి అనుమానించే రోజులవి. పలాసలో మా షావుకారుగారి జీడి ఫ్యాక్టరీలో ఆ మూడో స్థానం నాది. నేను కాలేజీ గడప తొక్కినవాణ్ణి కాదు. లెక్కల మీద ఇష్టం కొద్దీ పాత పుస్తకం ఒకటి ముందేసుకుని ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను. (ఆ పుస్తకంలో చివరి అధ్యాయం చిరిగిపోయి ఉండేది. రాసిన ప్రోగ్రాంలో తప్పు ఎలా వెతకాలో చెప్పేది ఆ అధ్యాయమేనని తర్వాత తెలిసింది.) షావుకారుగారు ఎవరో చెప్పగా లినక్సు ఉన్న కంప్యూటరు కొన్నారు. ఉద్దానం ఊళ్ల నుంచి వచ్చే జీడిపిక్కల బస్తాల తూకం అందులో ఎక్కించడానికి నేనొక ప్రోగ్రాం రాశాను. ఊరి పేరు కొట్టాలి, బస్తా నంబరు కొట్టాలి, తూకం కొట్టాలి, అంతే. ఆ మాత్రానికే నన్ను బాయిలరు దగ్గర నుంచి లేపి ఫ్యాను కింద కుర్చీలో కూర్చోబెట్టారు. బాయిలరు దగ్గర ఎండాకాలం గడిపినవాడికే ఆ ఫ్యాను విలువ తెలుస్తుంది.

కాటా దగ్గర టైపు కొట్టే పని మా మేనత్త కొడుక్కి ఇప్పించాను. బావకి అన్ని విషయాల్లోనూ సొంత అభిప్రాయాలు ఉండేవి కనక మొదటి రోజే గట్టిగా చెప్పాను, కాటా తాత ఏది చెబితే అదే కొట్టు, నీ తెలివి అందులో పెట్టకు అని. కాటా తాత అంటే బారువ వైపు నుంచి వచ్చి మా ఫ్యాక్టరీలో తూకం వేస్తూనే ముసలివాడైన మనిషి. బావ జీవితంలో నా మాట అక్షరాలా పాటించింది ఆ ఒక్కసారే.

లోడు వచ్చిన ప్రతిసారీ మొదటి బస్తా దగ్గరే ప్రోగ్రాం పడిపోయేది. బావ మళ్లీ మొదలుపెట్టి రెండో బస్తా నుంచి కొట్టుకుపోతే సాయంత్రం దాకా ఏ గొడవా లేదు. మిగిలిపోయిన మొదటి బస్తాను తర్వాత నేను వచ్చి ఎక్కిస్తే బుద్ధిగా ఎక్కేది. ఏం కొట్టావు బావా అంటే, తాత చెప్పిందే కొట్టాను అనేవాడు. తాతని అడిగితే, ఎప్పుడూ చెప్పేదే చెప్పాను అనేవాడు. ఇద్దరూ నిజమే చెప్పారు. తెరకి నిమ్మకాయా మిరపకాయలూ కట్టారు. (వాటి తీగ గాలికి మీటల మీద వాలి రెండు మూడు బస్తాల తూకం మార్చేసింది కూడా.) చివరికి ఒకరోజు షావుకారుగారే వచ్చి నల్లటి తెర మీద ‘సెగ్మెంటేషన్ ఫాల్ట్’ అన్న మాటలు కూడబలుక్కుని చదివారు.

“ఫాల్టని అదే రాసింది కదరా. ఎవుడిదో రాయలేదేటి?” అన్నారు.

తర్వాత ఆయనే నిమ్మకాయని పక్కకి జరిపి తీర్పు చెప్పేశారు.

“రేపు మందస లోడు వస్తాది. తొలి బస్తాకి మళ్లీ పడిందనుకో, పెట్టిని అటక మీద ఎట్టీసి నువ్వు బాయిలరు కాడికి ఎళిపో.”

ఆ సాయంత్రమే, సోంపేటలో కంప్యూటరు షాపు నడిపే మిత్రుడి దగ్గరకి పరిగెత్తాను. డీబగ్గరు అని ఒకటుంది, నీ ప్రోగ్రాంని దాని చేతిలో పెట్టి నడిపించు అన్నాడు. దారిలో బస్సు ఆపి చెకింగు ఇనస్పెక్టరు ఎక్కినట్టు అది ప్రోగ్రాంలోకి ఎక్కుతుంది. ఎక్కడ పడిందో, పడినప్పుడు ఎవరి చేతిలో ఏముందో అడిగితే చెబుతుంది. బొమ్మలుండవు, మౌసు పని లేదు, అన్నీ టైపు కొట్టి అడగాల్సిందే. దాని పేరు జీడీబీ. (జీడి ఊరివాళ్లం కదా, మన కోసమే చేశారన్నమాట అన్నాడు బావ.)

మర్నాడు మందస లోడు దిగింది. ప్రోగ్రాంని జీడీబీలో నడిపించి, బావని కూర్చోబెట్టి పక్కన నిలబడ్డాను. నా కళ్లు తెర మీద లేవు, షావుకారుగారి మొహం మీద ఉన్నాయి. తాత బస్తా కాటా మీద పెట్టించి కేకేశాడు. బావ కొట్టాడు. షావుకారుగారి మొహం మారింది. పడిందని నాకు అలా తెలిసింది.

బావని లేపి కూర్చుని, ఎక్కడ పడ్డావని అడిగే ‘బీటీ’ అన్న మాట కొట్టాను. ఊరి పేరు వెతికే చోట పడ్డానంది. ఊరి పేరు ఎక్కడుందో చిరునామా చూపించమన్నాను. అది చూపించిన చిరునామాలో మందసే కాదు, ఏ ఊరూ లేదు. దాని పక్కనే బస్తా నంబరు. దానికి నేను నాలుగంటే నాలుగు గదులు ఇచ్చాను, అంకెలకి మూడు, ముగింపు గుర్తుకి ఒకటి, మూడంకెలు దాటే లోడు పలాసకి ఎప్పుడొస్తుందిలే అని. ఆ నంబరును అక్షరాల్లో చూపించమన్నాను.

‘labham’ అని చూపించింది.

మా వైపు కొలతలో మొదటిదాన్ని ఒకటి అనరు. లాభం, రెండు, మూడు అని లెక్కపెడతారు. చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే కనక తాత నోట అది నాకు ‘ఒకటి’ లాగే వినిపించేది. రెండు, మూడు అంటే అంకెలే కొట్టే బావ, లాభం దగ్గర మాత్రం సొంత తెలివి పెట్టకుండా ఆ మాటనే అక్షరాల్లో కొట్టేవాడు. ఆరు అక్షరాల లాభం నాలుగు గదుల్లో పట్టక పక్కింట్లోకి చొరబడి, మందస చిరునామాని చెరిపేసి కూర్చుంది.

“నువ్వే కదేటి సెప్పినావు, తాత సెప్పిందే కొట్టమని,” అన్నాడు బావ, తప్పు తనది కాదని తేలిపోయిన మనిషి నిశ్చింతతో.

ఇకమీదట మొదటి బస్తాకి ఒకటి అనమని తాతని బతిమాలాను. తాత కాటా వదిలి వచ్చి తెర వైపు జాలిగా చూశాడు.

“తొలి బస్తాకి ఆ మాట నా నోట రాదు బాబూ. ఏటి, మీ పెట్టికి లాభం అక్కర్లేదేటి?”

నేను షావుకారుగారి వైపు తిరిగాను. తన ఫ్యాక్టరీలో లాభం అన్న మాట వద్దనగలిగే వ్యాపారి ఇచ్ఛాపురం నుంచి టెక్కలి దాకా ఎక్కడా ఉండడని అప్పుడు గుర్తొచ్చింది.

“తాత మారడు గానీ, పెట్టికి నేర్పించు,” అన్నారాయన.

నేర్పించాను. గదులు పెంచి, లాభం అంటే ఒకటి అని రాశాను. ఆ తర్వాత షావుకారుగారు బజార్లో కనిపించిన వాళ్లందరికీ, మా కంప్యూటరు లాభంతోనే మొదలెడతాది, మీదో, అని అడిగేవారు. ఫ్యాను కింద కుర్చీ నాకు మిగిలింది.

ఇప్పుడు టెక్కలిలో ఏసీ గదిలో కూర్చుని ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతుకుతున్నాను. తెర మాత్రం అదే నలుపు, అడిగే తీరూ అదే. మొన్న ఒక ప్రోగ్రాంని ఒక్కో వరుసా ఆపుతూ నడిపిస్తుంటే పక్క సీటు అమ్మాయి నా వైపు వింతగా చూసింది.

“సార్, రెండు, మూడు అంటున్నారు బానే ఉంది. మొదట్లో ఏదో అన్నారు, ఏటది?”

ఏం లేదమ్మా, ఒకటి అన్నాను అని చెప్పాను. కాటా తాత ఉంటే ఆ మాటకి నన్ను కాటా దరిదాపులకి కూడా రానిచ్చేవాడు కాదు.