చుక్కల మాస్టారు

చుక్కల మాస్టారికి ఒకటే జబ్బు: ఎదురుపడ్డ మనిషినల్లా "ఇప్పుడు మీ చుక్క ఎక్కడుంది?" అని అడగడం. లెక్కలు చెప్పి రిటైరయ్యాక పట్టుకుంది. గిన్నెడు నీళ్ళను ఎంత కలియబెట్టినా ఏదో ఒక చుక్క మొదటున్న చోటికే చేరుతుందని గణితంలో ఒక సిద్ధాంతం ఉంది. మనసూ అలాంటి గిన్నేనని, ఎంత కల్లోలంలోనూ కదలని ధ్యాస ఒకటి ప్రతివాడికీ ఉంటుందని ఆయన వాదన. అది దొరికితే చాలు, నోటుబుక్కులో గుండ్రం గీసి చుక్క పెట్టేసేవారు.

గడ్డం గీస్తున్న మంగలిని అడిగితే, "మీ పీక మీదుందండీ, కదలకండి" అన్నాడతను. పళ్ళ డాక్టరును అడగడానికి నోరు ఖాళీ లేక కాగితం మీద రాసి చూపించారు. అది చదువుతూ డాక్టరు పక్క పన్ను పీకాడు. మాస్టారు అదీ రాసుకుని సంబరంగా ఇంటికొచ్చారు.

ఇన్నాళ్ళూ నవ్విన కోడలు, ఆసుపత్రి వరండాలో మాత్రం నవ్వలేదు. ఆమె భర్త, కరెంటు పనివాడు, నిచ్చెన మీంచి పడి మూడు రోజులైంది. కళ్ళు తెరవలేదు. "అయిదింటిలోగా పిలుపుకు ఉలకకపోతే మళ్ళీ ఆపరేషనేనమ్మా. ఈసారి భరోసా ఇవ్వలేను" అన్నాడు డాక్టరు. అప్పటికి నాలుగుంబావు. గాజు తలుపు అవతల యంత్రం మీద పాకుతున్న పచ్చ గీతనే ఆమె రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

"అమ్మాయ్, నీ చుక్క ఎక్కడుంది?"

"మామయ్యా, కాసేపు నోరు మూసుకుంటారా?"

"కోపం మీదుందా, నా మీదా? రెండూ అయితే గుండ్రం పెద్దది గియ్యాలి."

"కన్నకొడుకు అక్కడ పడుంటే ఈ గుండ్రాలేమిటి? అసలు గుండె ఉందా మీకు?"

ఆయన బుద్ధిగా ఏదో రాసుకున్నారు. ఈ తిట్లు నలభయ్యోసారి.

నాలుగూ ముప్పావుకు నర్సు లోపలికి పిలిచింది. కోడలి వెనకే మాస్టారూ దూరారు. ఆమె చెవి దగ్గర పిలిచింది, చెయ్యి పట్టుకుని కుదిపింది, బతిమాలింది. పచ్చ గీత తన దారిన తాను పోతోంది. డాక్టరు గడియారం చూసుకున్నాడు.

మాస్టారు పుస్తకం తిరగేసి, కొడుకు మీదికి వంగి అరిచారు. "ఏడెనిమిదులు యాభై నాలుగు!"

"పెద్దాయనా, ఇది బడి కాదు!" అంది నర్సు.

"ఏడెనిమిదులు యాభై నాలుగు!"

కోడలు ఆయన చెయ్యి పట్టి లాగింది. అయినా మూడోసారీ అన్నారు. మంచం మీది నుదురు ముడిపడింది. పెదవులు కదిలాయి.

"...ఆరు."

"గట్టిగా చెప్పరా వెధవా!"

"యాభయ్యారు... నాన్నా."

డాక్టరు నోరు తెరిచాడు. "చిన్నప్పుడు ఎక్కాల్లో ఆ ఒక్క మెట్టు దగ్గరే నెల్లాళ్ళు ఏడ్చాడండీ" అన్నారు మాస్టారు. "తర్వాత పక్కింట్లో ఎవరు తప్పు చదివినా నిద్రలోంచి దిద్దేవాడు. వీడి చుక్క అదే." ఆ హడావుడిలో పుస్తకం చేతిలోంచి జారింది.

కోడలు తీసింది. తన పేజీ తెరుచుకుంది. 'ఎనిమిది గంటలు: చుక్క గాజు తలుపు మీద. నీళ్ళు ముట్టలేదు. తొమ్మిది: అక్కడే. కదిపాను. తిట్టింది. చుక్క నా మీదికొచ్చింది. ఊపిరి పీల్చుకుంది. అరగ్లాసు నీళ్ళు తాగింది. గంటకోసారి తిట్టించుకోవాలి.' కింద నలభై టిక్కులు.

వరండాలో ఆయన చొక్కా అంచుతో కళ్ళద్దాలు తుడుస్తున్నారు, ఎంతకీ ఆరడం లేదు.

"మామయ్యా, మీ చుక్క ఎక్కడుంది?"

ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు. కళ్ళద్దాలు పెట్టుకున్నారు.

"క్యాంటీన్ మీదమ్మా. కానీ ముందు ఒకసారి తిట్టు. మూడు రోజులుగా అలవాటైపోయింది."